ఫ్లూట్ మీద వైబ్రాటో ఎలా సాధన చేయాలి

ఫ్లూట్ నేర్చుకుంటున్నవాళ్లలో చాలామంది, ఒక ఏడాది గడిచి నాలుగు పాటలు చేతికి వచ్చాక, తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "బాగా వాయించేవాళ్లు పొడుగు స్వరం పట్టినప్పుడు అది మెల్లగా ఊగుతుంది కదా, అది నాకెప్పుడు వస్తుంది?" అని. కొందరైతే అడగకుండానే ఎవరిదో రికార్డింగ్ విని, గొంతు బిగించి, ఎలాగోలా ఒక వణుకు తెప్పించుకుని, వైబ్రాటో వచ్చేసిందనుకుంటారు. ఆ వణుకు ఒకసారి అలవాటైతే దాన్ని వదిలించుకోవడానికి పట్టే సమయం, మొదటి నుంచి సరిగ్గా నేర్చుకోవడానికి పట్టే సమయం కంటే చాలా ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా కీస్ ఉన్న మామూలు కచేరీ ఫ్లూట్ గురించి. వెదురు వేణువు వాయించేవాళ్లకు ఊపిరి గురించి, సాధన గురించి చెప్పినవి పనికొస్తాయి గానీ, గమకాల సంగతి వేరు. గమకంలో స్వరం నిజంగానే పక్క స్వరం వైపు వెళ్లి వస్తుంది. వైబ్రాటోలో స్వరం తన చోటు వదలదు, ఉన్నచోటే కొద్దిగా ఊగుతుంది. రెండూ వాయించేవాళ్లు ఒకదాని అలవాటు ఇంకోదాంట్లోకి రాకుండా చూసుకోవాలి.

అసలు ఊగేది ఏమిటి

గాలి వేగం. అంతే. పెదవుల నుంచి వెళ్లే గాలి ఒక లయలో కాస్త వేగం పుంజుకుని, మళ్లీ కాస్త తగ్గుతుంది. వేగం పెరిగినప్పుడు శబ్దం పెరుగుతుంది, శ్రుతి పిసరంత పైకి జరుగుతుంది, నాదంలో మెరుపు వస్తుంది. తగ్గినప్పుడు ఇవన్నీ కిందికి దిగుతాయి. వయొలిన్‌లో వేలు కదిలితే ముఖ్యంగా శ్రుతి ఊగుతుంది, ఫ్లూట్‌లో మాత్రం శ్రుతి కంటే శబ్దం, నాదం రంగు ఎక్కువగా మారుతూ ఉంటాయి. ఇది తెలియక చాలామంది శ్రుతిని కిందికీ పైకీ లాగాలని చూస్తారు, దానికోసం దవడ ఊపుతారు, ఫ్లూట్‌ని చేతులతో తిప్పుతారు. అవేవీ అక్కర్లేదు. గాలిని ఊపితే మిగతావి వాటంతటవే ఊగుతాయి.

వేగం విషయానికొస్తే, సెకనుకు సుమారు 5 నుంచి 6 సార్లు ఊగినప్పుడు చెవికి హాయిగా ఉంటుంది. 4 కంటే తగ్గితే ఒక్కో ఊపూ విడిగా వినిపించి స్వరం బరువుగా అనిపిస్తుంది. 7 దాటితే అది వణుకే. ఈ అంకెలు గుర్తుంచుకోండి, తర్వాత మెట్రోనోమ్ (లయ తప్పకుండా టక్కుటక్కుమని బీట్లు కొట్టే పరికరం) పెట్టుకున్నప్పుడు పనికొస్తాయి.

ఇంకో గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. వైబ్రాటో డయాఫ్రమ్ నుంచి రావాలని కొందరు, గొంతు నుంచని కొందరు వాదించుకుంటూ ఉంటారు. డయాఫ్రమ్ ఊపిరి లోపలికి తీసుకోవడానికి పనిచేసే కండరం, గాలి వదిలేటప్పుడు అది సడలుతుంది. మనం "డయాఫ్రమ్‌తో తోస్తున్నాను" అనుకునేటప్పుడు నిజానికి ఎక్కువ పని చేసేది పొట్ట కండరాలు. ఇక గొంతు సంగతి. ఊపు నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట దగ్గర స్పష్టంగా తెలుస్తుంది, వేగం పెరిగేకొద్దీ పొట్ట అంత త్వరగా కదల్లేదు కాబట్టి స్వరపేటిక చుట్టుపక్కల కండరాలు కూడా పని అందుకుంటాయి. అనుభవమున్న కళాకారులు వాయిస్తుండగా పరిశీలించినప్పుడు కూడా గొంతు కదలిక కనిపించింది. కాబట్టి నా అభిప్రాయం ఇది: పొట్ట నుంచి మొదలుపెట్టండి, వేగం పెరిగాక అది పైకి పాకితే పాకనివ్వండి, దాంతో యుద్ధం చేయకండి, గొంతు మాత్రం బిగుసుకోకుండా చూసుకోండి.

ముందు నిటారు స్వరం

వైబ్రాటో ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే నెలలు లెక్కపెట్టడం కంటే ఒక చిన్న పరీక్ష పెట్టుకోవడం మంచిది. ట్యూనర్, అంటే శ్రుతి ఎంత ఉందో ముల్లుతో చూపించే పరికరం, ఎదురుగా ఉంచండి. మెట్రోనోమ్ 60 మీద, అంటే నిమిషానికి 60 బీట్ల మీద, పెట్టండి. మొదటి ఆక్టేవ్‌లోని, అంటే అన్నిటికంటే కింది స్థాయిలోని, బి స్వరం పట్టండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, కుడిచేతి చిటికెనవేలు, ఇంతే కాబట్టి వేళ్ల మీద ధ్యాస పెట్టాల్సిన పని లేదు. 10 బీట్ల పాటు ఏ ఊపూ లేకుండా, ట్యూనర్ ముల్లు దాదాపు ఒకే చోట నిలబడేలా వాయించండి. తర్వాత అదే స్వరాన్ని 6 బీట్లలో మెల్లగా పెంచి, 6 బీట్లలో మెల్లగా తగ్గించండి. పెంచుతుంటే ముల్లు పైకి ఎగబాకుతుంది, తగ్గిస్తుంటే కిందికి జారుతుంది, ఇది ఫ్లూట్ సహజ గుణం. తగ్గించేటప్పుడు పెదవుల మధ్య సందు చిన్నది చేసుకుంటూ, గాలిని కాస్త పైకి తిప్పితే శ్రుతి జారకుండా ఉంటుంది. కింది ఆక్టేవ్‌లోనూ మధ్య ఆక్టేవ్‌లోనూ నాలుగైదు స్వరాల మీద ఇది చేయగలిగితే మీరు సిద్ధం. చేయలేకపోతే ఇంకొన్ని వారాలు లాంగ్ టోన్స్ మీదే, అంటే ఇలా ఒక్కో స్వరాన్ని పొడుగ్గా పట్టే సాధన మీదే, ఉండండి. అది శిక్ష కాదు, ఫ్లూట్‌లో అంతకంటే విలువైన సాధన లేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఎందుకింత పట్టుదల అంటే, నిటారుగా నిలబడని స్వరానికి వైబ్రాటో కలిపితే ఆ లోపం దాక్కుంటుంది. శ్రుతి తప్పుతున్నా తెలియదు, గాలి చివర్లో పడిపోతున్నా తెలియదు. వినేవాళ్లకు మాత్రం ఏదో బాగాలేదని తెలుస్తూనే ఉంటుంది.

లాంగ్ టోన్స్ చేసేటప్పుడు ఊపిరి తీసుకునే పద్ధతి గమనించండి. భుజాలు పైకి లేవకూడదు. పక్కటెముకలు పక్కలకు తెరుచుకోవాలి, పొట్ట కింది భాగం కాస్త ముందుకు రావాలి. ఊపిరి శబ్దం చేస్తూ వెళ్తుంటే గొంతు సన్నబడిందని అర్థం. ఆవలింత మొదలయ్యేటప్పుడు గొంతు లోపల ఎలా తెరుచుకుంటుందో ఒకసారి గమనించి, ఊపిరి తీసుకునేటప్పుడు అదే స్థితి తెచ్చుకోవడానికి ప్రయత్నించండి. మొదట్లో కాసేపటికే తల తిరగవచ్చు, ఎక్కువ గాలి త్వరత్వరగా లోపలికీ బయటికీ పోవడం వల్ల అలా అవుతుంది. అలాంటప్పుడు పట్టుబట్టకుండా ఫ్లూట్ పక్కన పెట్టి కూర్చోండి, మామూలుగా ఊపిరి తీసుకోండి, తగ్గాకే మళ్లీ తీయండి.

ఫ్లూట్ లేకుండా మొదలు

మొదటి రెండు మూడు రోజులు ఫ్లూట్ ముట్టుకోకుండానే చేయండి. నిలబడి ఒక అరచేయి పక్కటెముకల కింద, పొట్ట పైభాగం మీద పెట్టండి. రెండో అరచేయి నోటికి జానెడు దూరంలో పెట్టండి. గొంతులోంచి శబ్దం రాకుండా, గాలితో మాత్రమే "హ... హ... హ..." అనండి. ప్రతి "హ"కీ పొట్ట మీద చేతికి చిన్న తోపు తెలియాలి, ముందున్న చేతికి గాలి తగలాలి. రెండూ ఒకేసారి జరగాలి. పొట్ట కదలకుండా ముందు చేతికి మాత్రమే గాలి తగులుతుంటే మీరు గొంతుతో కోస్తున్నారన్నమాట.

ఇది కుదిరాక పెదవుల్ని ఫ్లూట్ వాయించేటప్పుడు పెట్టినట్టే పెట్టి, "హూ... హూ... హూ..." అనండి. ఆ తర్వాత అసలు మెలిక. ఈ "హూ"ల మధ్య ఖాళీ లేకుండా చేయాలి. గాలి ఎక్కడా ఆగకూడదు, "హూఊఊహూఊఊహూఊఊ" అన్నట్టు ఒకే ధారగా వెళ్తూ, మధ్యమధ్యలో ఉబ్బుతూ తగ్గుతూ ఉండాలి. ముందున్న చేతి మీద గాలి తగలడం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడి ముందుకు వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. ఆగి ఆగి వచ్చే "హ హ హ" నుంచి ఆగకుండా ఊగే గాలికి మారడమే వైబ్రాటోలో సగం పని.

తర్వాత ఫ్లూట్ మొత్తం బిగించకుండా హెడ్ జాయింట్, అంటే ఊదే రంధ్రం ఉన్న పై ముక్క, మాత్రమే తీసుకుని అదే చేయండి. వేళ్లు లేవు, బరువు లేదు, చెవి మొత్తం శబ్దం మీదే ఉంటుంది. అద్దం ముందు నిలబడితే దవడ కదులుతోందా, పెదవులు నములుతున్నట్టు ఆడుతున్నాయా అనేది వెంటనే కనిపిస్తుంది.

మెట్రోనోమ్‌తో

ఇప్పుడు ఫ్లూట్ బిగించండి. మళ్లీ అదే బి స్వరం, మెట్రోనోమ్ 60. ముందు 4 బీట్లు నిటారుగా వాయించండి. తర్వాత ఊపిరి తీసుకుని, బీట్‌కి 1 ఊపు చొప్పున 4 బీట్లు. మళ్లీ బీట్‌కి 2, తర్వాత 3, తర్వాత 4. ఊపులు బాగా లోతుగా, కాస్త అతిగా కూడా ఉండనివ్వండి, ఈ దశలో అందం గురించి ఆలోచించకండి. లెక్క సరిపోవాలి, ఊపులన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. 2 దగ్గర బాగానే ఉండి 3 దగ్గర తడబడటం అందరికీ జరిగేదే, ఎందుకంటే మూడేసి చొప్పున తోయడం పొట్టకి కొత్త. తడబడితే 54కో 50కో దిగండి.

ఒక స్వరం మీద కుదిరాక పక్క స్వరాలకు వెళ్లండి. బి నుంచి ఎ, జి, ఎఫ్, అలా కిందికి దిగండి. కింది స్వరాలకు గాలి ఎక్కువ కావాలి, వేగం తక్కువ ఉండాలి, అందుకే లోతుగా ఊపితే స్వరం పై ఆక్టేవ్‌కి జారిపోతుంది. పై ఆక్టేవ్‌లో సమస్య ఇంకో రకం. అక్కడ ఊపు చాలా సన్నగా ఉండాలి, లేకపోతే స్వరం చీలిపోతుంది. కాబట్టి మొదటి నెల మధ్యలో ఉన్న స్వరాల మీదే ఎక్కువ ఉండండి.

60 మీద బీట్‌కి 4 అంటే సెకనుకు 4 ఊపులు. ఇక్కడి నుంచి అసలైన వేగం దాకా మెట్రోనోమ్‌నే పెంచుకుంటూ వెళ్లాలి: 63, 66, 69, 72, ఇలా. 72 దగ్గర సెకనుకు దాదాపు 5 ఊపులు అవుతాయి, 80 దగ్గర 5 దాటి కొంచెం, 88 దగ్గర 6కి దగ్గర. ఒక్క రోజులో 60 నుంచి 80కి వెళ్లాలని చూడకండి. ఒక వేగం దగ్గర ఊపులు సమానంగా, గొంతు వదులుగా, శబ్దం నిండుగా ఉంటేనే తర్వాతి గుర్తుకి వెళ్లండి. కొన్నాళ్లకు ఒక చోట, చాలామందికి 66, 76 మధ్యలో ఎక్కడో, విడివిడి తోపులు కలిసిపోయి స్వరం తనంతట తాను తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. లెక్కపెట్టడం మర్చిపోతారు. అది వచ్చినప్పుడు మెట్రోనోమ్ ఆపేసి ఆ స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు వాయించి వినండి. తర్వాత మళ్లీ మెట్రోనోమ్ పెట్టి 60కి దిగండి. ఇలా దిగడం ముఖ్యం. ఒక వేగం వంటబట్టి ఇంక దాన్ని మార్చలేకపోతే వైబ్రాటో సగమే వచ్చినట్టు.

అందుకని వేగం కుదిరాక చేయాల్సిన సాధన ఇది. ఒకే ఊపిరిలో నిటారు స్వరంతో మొదలుపెట్టి, నెమ్మది ఊపులు, వేగం ఊపులు, మళ్లీ నెమ్మది, మళ్లీ నిటారు. లోతుతో కూడా ఇలాగే: పైకి వినిపించీ వినిపించనంత సన్నగా మొదలుపెట్టి వెడల్పు చేసి మళ్లీ సన్నగా. చివరికి వేగాన్నీ లోతునీ విడదీయాలి, అంటే సన్నగా వేగంగా, సన్నగా నెమ్మదిగా, వెడల్పుగా వేగంగా, వెడల్పుగా నెమ్మదిగా, ఏది కావాలంటే అది. ఇది నెలల పని. రోజూ కొంచెం చేస్తే సరిపోతుంది.

స్వరం మారినప్పుడు

ఒక్క స్వరం మీద చక్కగా ఊగే వైబ్రాటో, వేళ్లు కదలగానే మాయమవుతుంది. స్వరం మారే క్షణంలో గాలి ఆగి, కొత్త స్వరం నిటారుగా మొదలై, కాసేపయ్యాక ఊపు మొదలవుతుంది. రెండు మూడు స్వరాలు ఇలా జరిగితే వినేవాళ్లకు ప్రతి స్వరమూ విడిగా ఉబ్బినట్టు వినిపిస్తుంది. దీనికి మందు ఏమిటంటే, జి నుంచి డి వరకు ఐదు స్వరాల స్కేల్‌ని ఒకే ఊపిరిలో, నాలుకతో కొట్టకుండా కలిపి, స్వరానికి 4 ఊపుల చొప్పున వాయించండి. వేళ్లు మారినా ఊపు లెక్క తప్పకూడదు. తర్వాత స్వరానికి 3, తర్వాత 2. ఒక్కోసారి కావాలనే స్వరానికి 5 ఊపులు పెట్టండి, అప్పుడు పొట్ట లెక్కకి వేళ్లు అలవాటుపడవు, రెండూ స్వతంత్రంగా పనిచేస్తాయి.

ఆ తర్వాతే పాట. బాగా తెలిసిన, నెమ్మదిగా సాగే ఒక పాట తీసుకోండి. మొదట మొత్తం పాటని వైబ్రాటో లేకుండా వాయించండి, అలాగే అందంగా వినిపించాలి. వాక్యం ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడికి వెళ్తోంది, ఎక్కడ దిగుతోంది అనేది గాలి ఒత్తిడితోనే చెప్పగలగాలి. తర్వాత పెన్సిల్ తీసుకుని, ఏ స్వరం మీద వైబ్రాటో కావాలి, ఎక్కడ అక్కర్లేదు, ఎక్కడ ఆలస్యంగా మొదలవ్వాలి అని గుర్తులు పెట్టుకోండి. వేగంగా పరుగెత్తే స్వరాల మీద వైబ్రాటోకి చోటే లేదు. వాక్యం శిఖరం దగ్గర వెడల్పుగా, కాస్త వేగంగా ఉండొచ్చు. వాక్యం చివర స్వరం సన్నబడుతుంటే ఊపు కూడా సన్నబడాలి, చాలామంది అక్కడ ఊపుని అలాగే ఉంచేస్తారు, దాంతో స్వరం ముగియకుండా వేలాడుతున్నట్టు ఉంటుంది.

ఎప్పుడూ వైబ్రాటోతోనే వాయించడం నాకు నచ్చదు. వేరే వాద్యాలతో కలిసి ఒకే స్వరం పట్టినప్పుడైతే అసలు కుదరదు కూడా. శాస్త్రీయ పద్ధతిలో క్లారినెట్ సాధారణంగా వైబ్రాటో లేకుండా వాయిస్తారు, దాని పక్కన మీ ఫ్లూట్ మాత్రమే ఊగుతుంటే శ్రుతి కలవదు. పాత సంగీతం వాయించేటప్పుడు ఇంకా జాగ్రత్త. 18వ శతాబ్దంలో ఫ్లూట్ వాద్యకారులు పొడుగు స్వరాన్ని అలంకరించడానికి రంధ్రం అంచుని వేలితో కొద్దిగా మూసి తెరుస్తూ ఊపు తెచ్చేవారు, ఫ్రెంచ్ వాళ్లు దాన్ని ఫ్లాట్‌మాన్ అనేవారు. అది ఎంచుకున్న స్వరాల మీదే వేసే అలంకారం. థియోబాల్డ్ బోమ్ 1847లో రూపొందించిన ఫ్లూట్, అంటే మనం ఇప్పుడు వాడే దానికి మూలమైనది, వచ్చిన తర్వాత కూడా ఊపిరితో నిరంతరం ఊపడం వెంటనే మామూలైపోలేదు. కాబట్టి ఊపు లేని స్వరాన్ని లోపంగా చూడకండి.

తరచుగా వచ్చే తప్పులు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది సన్నగా, చాలా వేగంగా, మేక అరుపులా ఉండే వణుకు. గొంతు బిగుసుకోవడం వల్ల వస్తుంది. గుర్తుపట్టడం తేలిక: స్వరంతో పాటు గొంతులోంచి చిన్న టక్కుటక్కు శబ్దమో గురగురో వినిపిస్తుంది, వేగం తగ్గించమంటే తగ్గదు. ఇది ఉన్నవాళ్లు కనీసం కొన్ని వారాలు పాటల్లో వైబ్రాటో పూర్తిగా మానేయాలి. కొంచెం కొంచెంగా సరిచేద్దాం అనుకుంటే పాత అలవాటే గెలుస్తుంది. నిటారు స్వరాలు, పక్కనే నెమ్మది "హూ" ఊపులు, ఇవి తప్ప ఇంకేమీ వద్దు. వాయిస్తూనే స్వరాన్ని గొంతుతో సన్నగా హమ్ చేయడం కూడా చాలామందికి పనిచేస్తుంది. ఫ్లూట్ స్వరమూ హమ్మింగూ ఒకేసారి రావాలంటే గొంతు బిగుతు ఎక్కడుందో తెలిసొస్తుంది. కాసేపు అలా చేసి, హమ్మింగ్ ఆపి మామూలుగా వాయిస్తే నాదం ఒక్కసారిగా తెరుచుకున్నట్టు వినిపిస్తుంది.

దవడ ఊపేవాళ్లకి స్వరం మొదలు సరిగ్గా రాదు, శ్రుతి ఎప్పుడూ కిందికే ఊగుతుంది. అద్దమే మందు. చేతులు ఊపేవాళ్లు లిప్ ప్లేట్ (ఊదే రంధ్రం చుట్టూ ఉండే, పెదవికి ఆనే పలక) పెదవి కింద కదులుతోందో లేదో చూసుకోవాలి, అక్కడ కదలిక ఉండకూడదు. తల, భుజాలు కలిపి ఊగడం కొందరికి భావావేశంలో వస్తుంది, గాలి దారికి అడ్డం రానంతవరకు దాని గురించి నేను పెద్దగా పట్టించుకోను.

రోజూ సాధన

వైబ్రాటో సాధన మొత్తం రోజుకి 5 నుంచి 10 నిమిషాలు చాలు. కానీ రోజూ. ఆదివారం ఒక్కరోజే గంటసేపు చేస్తే పొట్ట, పెదవులు అలసిపోతాయి తప్ప వారమంతా చేసినవాళ్లకి వచ్చినంత నిలకడ రాదు.

ఒక గంట ఉందనుకుంటే నేనైతే ఇలా పంచుకుంటాను. మొదట ఒక నిమిషం ఫ్లూట్ లోపలికి వెచ్చటి గాలి ఊది వాద్యాన్ని వేడెక్కించాలి, చల్లగా ఉన్న ఫ్లూట్ శ్రుతి తక్కువ పలుకుతుంది, అప్పుడు ట్యూనర్ చూసి హెడ్ జాయింట్ లోపలికి తోస్తే పావుగంట తర్వాత మళ్లీ పైకి పోతుంది. తర్వాత 10 నిమిషాలు నిటారు లాంగ్ టోన్స్. వాటికి ఆనుకునే వైబ్రాటో ఊపులు. ఆ తర్వాత స్కేల్స్, రోజుకి అన్నీ కాకుండా రెండో మూడో. అక్కడ ఆగి ఐదు నిమిషాలు ఫ్లూట్ కింద పెట్టేయాలి. ఫ్లూట్ ఒకవైపుకే పట్టుకుంటాం కాబట్టి మెడ, ఎడమ భుజం తెలియకుండానే బిగుసుకుంటాయి. నొప్పి వచ్చేదాకా ఆగకండి, బిగుతు తెలియగానే ఆపండి. మిగిలిన సమయం పాటకి.

నిలబడే తీరు గురించి రెండు మాటలు. ఫ్లూట్‌ని పెదవుల దగ్గరికి తేవాలి, తలని ఫ్లూట్ దగ్గరికి తీసుకెళ్లకూడదు. స్టాండ్ మరీ కిందికి ఉంటే తల వంగి గొంతు మూసుకుంటుంది, అప్పుడు వైబ్రాటో ఎంత సాధన చేసినా గొంతులోనే ఇరుక్కుంటుంది. స్టాండ్‌ని కళ్ల ఎత్తుకి కాస్త కింద ఉంచండి, మీరు దానికి నేరుగా కాకుండా కొంచెం కుడివైపు తిరిగి నిలబడి, తల మాత్రం స్టాండ్ వైపు తిప్పండి.

పాట సాధనలో అందరూ చేసే పని, మొదటి నుంచి మొదలుపెట్టి తప్పు వచ్చినచోట ఆగి, మళ్లీ మొదటికి వెళ్లడం. ఇలా చేస్తే పాట మొదలు బ్రహ్మాండంగా వస్తుంది, చివర ఎప్పటికీ రాదు. తప్పు వచ్చిన రెండు మూడు స్వరాలనే విడిగా తీయండి. సగం వేగంలో వాయించండి. తప్పు వేలిదా, గాలిదా, నాలుకదా అనేది ముందు తేల్చుకోండి, చాలాసార్లు వేలి తప్పు అనుకున్నది ఊపిరి అయిపోవడం వల్ల వచ్చిందే అయి ఉంటుంది. వరసగా ఐదు సార్లు తప్పు లేకుండా వస్తే ముందొక స్వరం, వెనకొక స్వరం కలపండి. నాలుగోసారి తప్పు వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఇది విసుగు పుట్టిస్తుంది, కానీ పది నిమిషాల్లో తేలిపోయే చిక్కుని నెలల తరబడి మోయకుండా కాపాడుతుంది.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, వారానికి రెండు సార్లైనా. వాయిస్తున్నప్పుడు మన చెవి గాలి మీద, వేళ్ల మీద చీలిపోయి ఉంటుంది, పైగా ఫ్లూట్ కుడి చెవికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మనకి వినిపించేది బయటివాళ్లకి వినిపించేది ఒకటి కాదు. ఫోన్‌ని కాస్త దూరంగా, గది అవతలి మూలలో పెట్టండి. వెంటనే వినకండి, కనీసం కొన్ని గంటలు ఆగి వినండి, అప్పుడు ఎలా వాయించాలనుకున్నామో మర్చిపోయి ఎలా వాయించామో వినగలుగుతాం. వైబ్రాటో వింటున్నప్పుడు రెండు విషయాలు చూడండి: ఊపు స్వరం మధ్యలో ఉందా పైన కూర్చుని ఉందా, ప్రతి స్వరం మీదా ఒకే వేగం వస్తోందా. ఫోన్‌లో వేగం తగ్గించి వినే సదుపాయం ఉంటే సెకనుకి ఎన్ని ఊపులో లెక్కపెట్టడం కూడా తేలికే.

చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. "బి, ఎ, జి మీద బీట్‌కి 4, 66 దాకా బాగుంది, 69 దగ్గర గొంతు బిగిసింది" అని ఒక్క వాక్యం చాలు. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. ఫ్లూట్ పట్టుకోలేని రోజు ఉంటే గాలితో "హూ" ఊపులు, వేళ్ల కదలికలు ఎక్కడైనా చేసుకోవచ్చు, అది కూడా సాధనే.

వాద్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. వాయించే ముందు నోరు పుక్కిలించండి, తీపి తిని వాయిస్తే ప్యాడ్స్ (కీస్ కింద రంధ్రాల్ని మూసే మెత్తటి బిళ్లలు) అతుక్కుపోతాయి. వాయించడం అయ్యాక స్వాబ్‌తో, అంటే తుడిచే గుడ్డతో, లోపలి తేమ పూర్తిగా తుడిచి పెట్టండి, ఆ తడి గుడ్డని కేస్ లోపల ఫ్లూట్ పక్కన ఉంచకండి. ప్యాడ్ సరిగ్గా మూసుకోని ఫ్లూట్ మీద కింది స్వరాలు బలహీనంగా వస్తాయి, ఆ లోపం మీదేననుకుని ఊపిరితో తోసితోసి గొంతు పాడుచేసుకోకండి. ఒక స్వరం ఎన్నాళ్లైనా లొంగకపోతే ఇంకొకరి ఫ్లూట్ మీద ప్రయత్నించి చూడండి.

జనం ముందు వాయించేటప్పుడు

ఇంట్లో చక్కగా సెకనుకి 5 ఊపులతో సాగిన వైబ్రాటో నలుగురి ముందుకి రాగానే వేగం పెరిగి సన్నబడుతుంది. టెన్షన్ వల్ల ఊపిరి పైపైన తీసుకుంటాం, గుండె వేగంగా కొట్టుకుంటుంది, గొంతు బిగుస్తుంది, మూడూ కలిసి వైబ్రాటో మీద పడతాయి. అప్పుడు వైబ్రాటోని అదుపు చేయాలని చూస్తే ఇంకా బిగుస్తుంది. అలాంటప్పుడు చేయాల్సింది, మొదటి పొడుగు స్వరాన్ని కావాలనే నిటారుగా పట్టడం. స్వరం నిలబడిందని చెవికి తెలిశాక, స్వరం చివరి సగంలో ఊపు మొదలవనివ్వండి. ఇది ముందే అనుకుని పెన్సిల్‌తో రాసి పెట్టుకోవాలి, అక్కడ నిలబడ్డాక ఆలోచించడం కుదరదు. ఇంట్లో కూడా అలవాటు చేసుకోవచ్చు: గదిలోనే ఒకచోట నిలబడి రెండు నిమిషాలు చకచకా నడిచి, గుండె వేగం పెరిగాక వెంటనే ఫ్లూట్ తీసి, ఆ పాట మొదటి వాక్యం వాయించండి. ఊపిరి అందదు, చేయి కొంచెం వణుకుతుంది. ఆ స్థితిలో ముందు ఒక పూర్తి ఊపిరి బయటికి వదిలేసి, తర్వాత లోపలికి తీసుకుని, నిటారుగా మొదలుపెట్టండి. వాక్యం చివరిదాకా గాలి సరిపోయిందో లేదో నోట్‌బుక్‌లో రాసుకోండి, సరిపోకపోతే ఊపిరి గుర్తు ఒక స్వరం ముందే వచ్చేలా జరపండి.